దించుడు బండ కాడ మోపు

బోథ్ దిక్కు అడవి బాటల దించుడు బండ ఉన్నది చూడుండ్రి, దాని పేరు మంచిది కాదు. మనిషి నెత్తి ఎత్తున నిలబడ్డ రాయి అది. కట్టెలకు పోయిన ఆడోళ్లు మోపును దాని మీద ఆనిచ్చి, ఇంత ఊపిరి పీల్చుకొని, మళ్ల నెత్తికెత్తుకొని పోతరు. పగటీలి మంచిదే. పొద్దుగూకినంక మాత్రం ఆడ ఆగద్దంటరు.

ఎందుకంటే... ఎన్నడో ఒకామె మోపు జారి కింద పడ్డదట. ఎత్తేటోళ్లు లేక ఒక్కతే ఎత్తపోయి, దాని కిందనే పానం ఇడ్సిందట. ఇప్పటికీ చీకటి పడితే బండ ఎనుకకెల్లి మెల్లగ పిలుస్తదట — "జర ఎత్తు బిడ్డా..." పాపమని ఎత్తినోని నెత్తి మీదికి ఆ బరువు వస్తదట. ఇగ దిగదట.

మా ఊరి రామవ్వనడిగితే మాత్రం నవ్వుతది. "కట్టెలకు పోయే ఆడోళ్లకు ఎన్నడన్న కనపడ్డదా? కల్లు తాగొచ్చే మొగోళ్లకే కనపడ్తది గా దెయ్యం!" అంటది. ఈ ముచ్చట నాకు చెప్పింది గూడ ఆమెనే. విన్నది విన్నట్టు చెప్తున్న.

రామవ్వ పక్కింటి ఐలవ్వకు ఒక్కడే కొడుకు, హనుమండ్లు. అడవి అంచున ఒక పట్నం సారు తోటల పని చేస్తడు. ఆ సారు కొత్తగ ఒక బండి తెచ్చిండు. మోటర్ సైకిల్ లెక్క హ్యాండిలు, నాలుగు లావు టైర్లు, ముంగట రెండు ఇనుప చేతులు. ఒక లీవర్ గుంజితే ఆ చేతులు దగ్గరికొచ్చి దుంగను ఒడిసి పడ్తయి, ఇంకోటి నూకితే పైకి లేపుతయి. ఊరి ఆడోళ్లంత కలిసి కూలికి దినమంత మోసే సారు కట్టెను పగటాల్లకే మోసి పడేస్తది. ఆ ఆడోళ్లల్ల ఐలవ్వ గూడ ఉండె. బండొచ్చినంక అందరి కైకిలి పోయింది.

హనుమండ్లును డ్రైవర్ అనద్దు. "ఆపరేటర్" అనాలె. లేకుంటే పలుకడు!

లక్సెట్టిపేటకెల్లి పిల్లదిక్కోళ్లు రేపు వస్తరనంగ, అవ్వతోటి కరాఖండిగ చెప్పిండు. "అవ్వా, ఇగ కట్టెలకు పోకు. ఆపరేటర్ తల్లి నెత్తి మీద మోపు పెట్టుకొని ఊర్ల తిరిగితే నాకు పిల్లనెవడిస్తడు? నా ఇజ్జత్ పోతది."

"మరి రేపు అంతమందికి వండాలె గదరా. పెద్ద గంజు గ్యాసు మీద పట్టది. సారు కొమ్మలు తీస్కపొమ్మన్నడంటివి. జర నువ్వే తే బిడ్డా."

"తెస్త తియ్."

తెస్త అన్నడు... మర్సిపోయిండు. దినమంత కట్టెలల్లనే ఉండి, ఇంటికో పుల్ల తేవాల్నన్న సోయి లేకపాయె. ఏమనాలె చెప్పుండ్రి గసొంటోన్ని!

ఆ దినం ఆఖరి దుంగలు తెచ్చేటాల్లకు మసక చీకటైంది. చలికాలం. అడవిల చీకటి జల్ది దిగుతది. ఇనుప చేతులల్ల దుంగలు పట్టుకొని బండి గుడుగుడుమనుకుంట వస్తున్నది. దించుడు బండ మలుపు దగ్గరకొచ్చేసరికి హనుమండ్లు బండిని మెల్లగ చేసిండు. చాయ హోటల్ల "దెయ్యం లేదు గియ్యం లేదు" అని మీసం దువ్వినోడు, ఇప్పుడు నోట్లె ఆంజనేయుని పేరు గొణుగుతుండు.

మలుపు తిరిగిండు. లైటు బండ మీద పడ్డది.

బండ ఎనుకకెల్లి... ఒక ఆకారం. నెత్తి మీద తెల్లటి బట్ట.

ఒక చెయ్యి పైకి లేసింది. ఇంకో చెయ్యి మొఖానికి అడ్డం ఉన్నది. ఇంజను మోతల మాట సగమే ఇనపడ్డది —

"బిడ్డా... జర ఎత్తు..."

ఇగ చూడు! హనుమండ్లు పై పానాలు పైనే పోయినయి. కంగారుల చెయ్యి లీవర్ మీద పడ్డది. ఇనుప చేతులు తెర్సుకున్నయి. దుంగలు దభీమని కింద పడ్డయి. ఒకటి దొర్లుకుంట బండ దిక్కు పోయింది.

"అవ్వో..." అని ఒక మూలుగు.

హనుమండ్లు ఎనుకకు తిరిగి చూడలే. బండిని ఉరికిచ్చిండు.

దెయ్యానికి దెబ్బ తాకుతదా? తాకితే మూలుగుతదా? షెడ్డుల బండి పెట్టి ఇంటి బాట పట్టినంక గీ మాట మనసుల మెదిలింది. మెదిలినా, పక్కకు నూకేసిండు.

ఇంట్ల దీపం లేదు. "అవ్వా!" అని పిలిచిండు. పలుకు లేదు.

రామవ్వ గోడ మీదికెల్లి తొంగి చూసింది. "మీ అవ్వ కట్టెలకు పోయింది గదరా. నువ్వు తెస్తవేమోనని చూసి చూసి పోయింది. పగటీలి పోతే ఎవలన్న చూస్తరు, నా కొడుకు ఇజ్జత్ పోతదని, పొద్దు వాలినంక బయలెల్లింది."

హనుమండ్లు గడప కాడ గల్మల కూసున్నడు. తెల్లబట్ట... పైకి లేసిన చెయ్యి... ఆ మూలుగు...

అడవిల ఒక రివాజున్నది. మోపు ఎత్తుమని అడిగితే, అడిగింది పగోడైనా సరే, ఎత్తి పెట్టిపోవాలె. ముఖం చూసుకోనోళ్లు గూడ ఆడ చెయ్యేస్తరు.

ఉరుకాలె. మర్ల పోవాలె. లేసి నిలబడ్డడు గూడ. కానీ పోయి ఏమని చెప్తడు? "దుంగ ఏసింది నేనే, ఇడ్సిపెట్టి ఉరికింది నేనే" అనా? సిగ్గుతోటి అడుగు పడలే. మళ్ల గల్మల్నే కూలబడ్డడు. అది దెయ్యమే కావాలె దేవుడా అని మొక్కిండు. లోకంల ఎవడన్న గసొంటి మొక్కు మొక్కుతడా!

రామవ్వకు ఓపిక పట్టలే. టార్చిలైటు పట్టుకొని తనే ఉరికింది.

చాన సేపటికి ఇద్దరు వచ్చిన్రు. సగం మోపు రామవ్వ నెత్తి మీద, సగం ఐలవ్వ నెత్తి మీద. ఐలవ్వ కుంటుతున్నది. పాదం నల్లగ కమిలి ఉబ్బింది.

"ఏమైందవ్వా?" అన్నడు హనుమండ్లు.

"రాయి తాకింది" అన్నది ఐలవ్వ. కొడుకు మొఖం చూడకుంటనే మోపు పొయ్యి కాడికి తీస్కపోయింది.

తెల్లారి చుట్టాలు వచ్చిన్రు. పిల్లకు ఆపరేటర్ పిలగాడు నచ్చిండన్నరు. అందరు బువ్వకు కూసున్నరు. ఐలవ్వ కుంటుకుంట వడ్డిస్తుంటే పిల్ల తండ్రి కుమారస్వామి చూసిండు. "కాలికి ఏమైంది అక్కా?"

హనుమండ్లు చేతిల ముద్ద ఆగింది. ఇప్పుడు అవ్వ నోరిప్పితే పిల్ల లేదు, పెండ్లి లేదు, ఊర్ల తలెత్తుకునుడు లేదు.

"దించుడు బండ కాడ దెయ్యాన్ని చూసిన తమ్మీ" అన్నది ఐలవ్వ.

అందరు ఐలవ్వ దిక్కు తిరిగిన్రు.

"మొఖం కనపడలే. ఎలుతురు కండ్లల్ల కొట్టింది. జారిపడ్డ మోపు జర ఎత్తుమంటే... కాలు మీద కట్టె పడేసి ఉరికింది."

"దెయ్యమే అంటవా? మనిషి కాదు గద?"

"మనిషైతే అట్ల పోతడా తమ్మీ?"

కుమారస్వామి తల ఊపిండు. "పోడు. మనిషన్నోడు పోడు." మళ్ల కాబోయే అల్లుని దిక్కు తిరిగిండు. "ఏమంటవ్ బిడ్డా?"

అందరి కండ్లు హనుమండ్లు మీదనే ఉన్నయి. భూమిల చొచ్చుకపోతే బాగుండనిపిచ్చింది.

"...పోడు" అన్నడు.

ఐలవ్వ మెల్లగ వచ్చి కొడుకు పళ్లెంల పప్పు పోసింది. పోసుకుంట వంగి, పక్కన నీళ్లు పెడ్తున్న రామవ్వకు తప్ప ఎవ్వలకు ఇనపడకుంట, చెవిల అన్నది —

"తిను బిడ్డా. గా దెయ్యం పేరు నేనెవ్వలకు చెప్ప."