మెట్ల మీది రౌటర్

ఆ పిల్లకు కందిరీగ అని పేరు పెట్టింది స్వయానా పిన్నే. అక్క కూతురు, ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చి తన దగ్గరుంటోంది, ఏదైనా ముద్దుపేరుతో పిలుచుకుందామనే మొదట అనుకుంది. వచ్చిన వారానికే ఆ ఆలోచన మానుకుంది. కందిరీగ కంటికి ఎవరూ ఆనరు. టీవీలో వార్తలు చదివేవాళ్లు, బస్సులో పక్క సీటువాళ్లు, పెళ్లికాని మగవాళ్లు మూకుమ్మడిగా, ఎవరిని చూసినా ఒకటే పెదవి విరుపు.

అందరిలోకీ అస్సలు ఆననివాడు కింది వాటాలో అద్దెకున్న పళ్ల డాక్టరు.

అతను మొదటిసారి పైకి వచ్చింది గేమ్ కన్సోల్ గొడవతోనే. తన కన్సోల్ నెట్‌కి సరిగ్గా కలవడం లేదని, మీకూ అలాగే ఉందా అని మర్యాదగానే అడిగాడు. కందిరీగ అతన్ని చెప్పుల నుంచి కళ్లజోడు దాకా ఒకసారి చూసి, మీరు గేమ్స్ కూడా ఆడతారా అంది. ఇంకా వేలు చీకుతారా అన్నట్టుగా ఉంది ఆ అడగడం.

తను ఆడటం వేరు. తనది వృత్తి. కొత్త గేమ్స్ ఆడి వాటిలో తప్పులు పట్టే ఉద్యోగానికి అప్లై చేసింది. తప్పులు పట్టడానికి జీతాలు కూడా ఇస్తారని తెలిసి పిన్ని నోరెళ్లబెట్టింది. ఇన్నాళ్లూ ఆ పిల్ల ఇంట్లో ఆ పని ఊరికే చేసిపెడుతోంది మరి.

ఉద్యోగానికి మిగిలింది ఒక్క మెట్టు. ఆదివారం మధ్యాహ్నం కంపెనీ టీమ్‌తో కలిసి ఆన్‌లైన్లో గంటసేపు ఆడి చూపించాలి. మధ్యలో కనెక్షన్ పోతే ఇంకో అవకాశం ఇవ్వరు. ఆ మాట వాళ్లు మెయిల్లో తేటతెల్లంగా చెప్పారు.

చిక్కంతా రౌటర్‌తో వచ్చింది. రెండు వాటాలకీ కలిపి మెట్ల మలుపులో, గోడకి కొట్టిన చెక్క మీద ఒకే ఒక్క రౌటర్ ఉండేది. అది బాబాయి పెట్టించిన పాతకాలపు సరుకు. బయటి ఆటగాళ్లు మన కన్సోల్ దాకా రావాలంటే దాని సెట్టింగ్స్‌లో ఒక దారి తెరవాలి. ఆ దారి ఒక్క కన్సోల్‌కే పోతుంది. ఇంట్లో ప్రతి పరికరానికీ రౌటర్ ఒక నంబరు ఇస్తుంది కాబట్టి, ఫలానా నంబరుకి దారి అని అందులో రాయాలి.

కందిరీగ తన కన్సోల్ నంబరు రాసి దారి తెరిచింది. సాయంత్రం దాకా అంతా బాగుంది. తెల్లారేసరికి తెర మీద ఎర్ర గుర్తు. చూస్తే ఆ దారి డాక్టరు కన్సోల్‌కి పోతోంది. పాస్‌వర్డ్ రౌటర్ అడుగునే అంటించి ఉంది, కాబట్టి దొంగ ఎవరో కనిపెట్టడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. కిందికి దిగి ఉతికి ఆరేసి వచ్చింది. మర్నాడు దారి పోగొట్టుకోవడం డాక్టరు వంతు అయింది. అతను సరిచేసుకుంటే మళ్లీ ఈమె దారి పోయింది. ఇలా నడిచింది వ్యవహారం.

ఈలోగా ఆమె అతని స్కోరు కూడా వెతికి చూసింది. కార్ల రేసులో ఏ రోజు చూసినా చివరివాడే.

"ఎప్పుడూ చివరొచ్చేవాళ్లకి అంత మంచి కనెక్షన్ ఎందుకండీ?" అంది మెట్ల మీద ఎదురుపడి.

"చివర రావాలన్నా ముందు రేసులో ఉండాలి కదండీ," అన్నాడతను.

ఆ మాటకు ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు రావడం ఎంత అవమానమో తెలిసిన మనిషి కాబట్టి గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది.

శనివారం మధ్యాహ్నం ప్రాక్టీసు మధ్యలో కనెక్షన్ పోయింది. ఆమె తలుపులు వేసుకుని దిండుకి మొహం అదిమి ఏడ్చింది. బయటికి వినపడలేదనే అనుకుంది. ఆదివారం పొద్దున లేచి చూస్తే దారి మళ్లీ డాక్టరుగారి కన్సోల్‌కే ఉంది. అగ్గిమీద గుగ్గిలమై కన్సోల్‌ని చంకలో పెట్టుకుని కిందికి దిగింది. అతను అప్పటికే మలుపులో మెట్టు మీద కూర్చుని, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని రౌటర్ సెట్టింగ్స్ చూస్తున్నాడు.

"రెడ్‌హ్యాండెడ్‌గా దొరికారు," అంది.

"నేను మార్చలేదండీ. నిన్న సాయంత్రం దారి మీ నంబరుకే రాసి వదిలేశాను. పొద్దున చూస్తే ఇలా ఉంది."

"మీరంత ఉపకారం ఎందుకు చేస్తారు?"

అతను లాప్‌టాప్‌లోకి చూస్తూనే, "మీరు ఏడవడం వినపడింది," అన్నాడు.

ఆమె కన్సోల్‌ని ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకుంది. సరిగ్గా అప్పుడు బాబాయి మెట్లు దిగుతూ వచ్చి, ఇద్దరి మధ్యలోంచి చెయ్యి పెట్టి, రౌటర్ స్విచ్ టప్పున ఆపేసి, తన దారిన తను పోబోయాడు.

ఇద్దరూ తెల్లమొహం వేశారు. కందిరీగే ముందు తేరుకుని, అదేంటి బాబాయ్ అంది. మీరు కబుర్లు చెప్పుకుంటున్నారుగా, నెట్ ఎందుకు దండగ అన్నాడాయన. బాబాయి బతుకంతా సినిమా హాల్లో ఆపరేటర్‌గా చేసి రిటైరైన మనిషి. చివరి ఆట అయ్యాక హాలంతా తిరిగి ఒక్కొక్క స్విచ్చీ ఆర్పనిదే అక్కణ్ణుంచి కదిలేవాడు కాదు. ఇంట్లోనూ అదే అలవాటు. పని అయ్యాక ఆపాలి అంటాడు. రోజూ రాత్రి అందరూ పడుకున్నాక రౌటర్ ఆపి, ఎవరూ లేవకముందే వేస్తున్నాడట. శని, ఆదివారాల్లో అందరూ మధ్యాహ్నం కునుకు తీస్తే అప్పుడూ అంతేనట. ఎందుకు చెప్పలేదంటే, మీరు అడగలేదుగా అన్నాడు.

అదీ సంగతి. ఆపి వేసిన ప్రతిసారీ ఆ ముసలి రౌటర్ పాత నంబర్లన్నీ మర్చిపోయి, ముందు ఏది కలిస్తే దానికి ముందు నంబరు పంచుతోంది. ఆమె నంబరు అతనికీ, అతని నంబరు ఆమెకీ. ఇన్నాళ్లూ ఇద్దరూ ఒకరినొకరు దొంగ అనుకుంటూ, బాబాయి రాత్రి చెరిపిన లెక్కను పగలంతా దిద్దుకున్నారు. చదువుకున్నవాళ్లే ఇద్దరూ. ఒక్కరికీ ఆ స్విచ్ మీద అనుమానం రాలేదు.

మళ్లీ రౌటర్ వేసి, ఆమె కన్సోల్‌కి ఒకే నంబరు ఎప్పటికీ ఉండేలా సెట్టింగ్ పెట్టారు. దారి ఆ నంబరుకే రాశారు. డాక్టరు లోపలికి వెళ్లి తన కన్సోల్ ప్లగ్ పీకి వచ్చాడు. రేసు ఉందిగా మీకు అని ఆమె అడిగితే, ఒకరోజు నేను లేకపోతే చివర ఇంకొకడు వస్తాడు, పాపం వాడికీ అలవాటవ్వాలిగా అన్నాడు.

భోజనాలయ్యాక ఆమె తలుపు వేసుకుని ఆట మొదలెట్టింది. ఆట సగంలో ఉండగా మెట్ల మీద బాబాయి చెప్పుల చప్పుడు వినిపించింది. మధ్యాహ్నం అందరూ నిద్రపోతారు కాబట్టి, ఇవాళ ఆపొద్దని పొద్దున చెప్పింది మర్చిపోయి, అలవాటుగా ఆర్పడానికి వస్తున్నాడు. ఆమె చేతిలో కంట్రోలర్, చెవుల్లో టీమ్ గొంతులు, లేచి వెళ్లే వీల్లేదు.

అప్పుడు బయట డాక్టరు గొంతు వినపడింది.

"అంకుల్, ఒక్కసారి ఇలా కూర్చోండి. నోరు తెరవండి. ఇంకొంచెం."

ఆ తర్వాత బాబాయి ఏదో అనబోయిన చప్పుడూ, కదలకండి అంకుల్, వెనక పన్ను చూడాలి అన్న మాటా మార్చి మార్చి వినిపిస్తూనే ఉన్నాయి. స్విచ్ చప్పుడు మాత్రం వినపడలేదు.

గంట పూర్తయ్యింది. ఆమె ఆటలో పట్టిన తప్పులు విని, వచ్చే వారం నుంచి పనిలోకి రమ్మని టీమ్ లీడర్ అప్పుడే చెప్పేశాడు. తలుపు తీసేసరికి బాబాయి దవడ రుద్దుకుంటూ పైకి వస్తున్నాడు. మలుపులో మెట్టు మీద కూర్చుని డాక్టరు టార్చి జేబులో పెట్టుకుంటున్నాడు.

"వచ్చింది," అంది మెట్లు దిగి.

"మీకు రాకపోతే ఎవరికొస్తుందండీ? నాలోనే ఎన్ని తప్పులు పట్టారో!"

ఈ మనిషి తనకు నచ్చాడని ఆమెకు అర్థమైంది. ఎప్పుడూ చివరొచ్చేవాడు, పళ్లు పీకేవాడు, తనకు నచ్చడమేమిటని చిరాకేసింది. అయినా నచ్చాడు.

"అంత ఇబ్బందయితే వేరే కనెక్షన్ పెట్టించుకోవచ్చుగా మీరు?" అంది చివరికి.

"పెట్టించుకుంటే తిట్టడానికి మీరు కిందికెందుకొస్తారు?"

"దీనికోసమా ఇన్నాళ్లూ తిట్లు తిన్నారు? సిగ్గు లేదూ?"

"లేదండీ. నాకు మీరంటే ఇష్టం."

కందిరీగ అతని పక్కన మెట్టు మీద కూలబడింది. "రేపట్నుంచి పైకొచ్చి నా పక్కన కూర్చుని ఆడు. నీ డ్రైవింగ్ చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది," అంది. మీరు కాస్తా నువ్వు అయిందని అతను గమనించాడు. గమనించాడని ఆమె కూడా గమనించింది.

సాయంత్రం దాకా వాళ్లక్కడే కూర్చున్నారు. చీకటి పడ్డాక బాబాయి ఇల్లంతా తిరిగి ఒక్కొక్క లైటూ ఆర్పుకుంటూ మలుపు దాకా వచ్చాడు. ఇద్దరూ కబుర్లలోనే ఉన్నారు, నెట్ ఎవరూ వాడటం లేదు. ఆయన చెయ్యి అలవాటుగా స్విచ్ మీదికి పోయింది. వెనకే వచ్చిన పిన్ని ఆ చెయ్యి పట్టుకుంది.

"ఉండనివ్వండి," అంది. "పని ఇంకా అవలేదు."

బాబాయి మెట్ల మీది ఇద్దరినీ చూశాడు. ఒకరి భుజం ఇంకొకరికి ఎంత దగ్గరగా ఉందో చూశాడు. దవడ ఒకసారి తడుముకుని, చెయ్యి వెనక్కి తీసుకుని, మెట్ల లైటు కూడా ఆర్పకుండా పైకి వెళ్లిపోయాడు.