కంట్రోల్ బ్యాడ్జి

ఉదయం పదిన్నరకు మూడో అంతస్తు కిటికీలోంచి ల్యాబ్ టెక్నీషియన్ కింద పడింది. జారిందో, తోశారో చెప్పేలోపే ప్రాణం పోయింది. బిగించిన పిడికిట్లో ఒక రేడియేషన్ బ్యాడ్జి ఉంది. దాని మీద పేరు లేదు, కంట్రోల్ అని మాత్రం ఉంది.

పదకొండుకల్లా బాస్ ముందు ఏజెంట్ కూర్చున్నాడు. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని నత్త అంటారు. తొందరపడడు, పట్టుకుంటే వదలడు.

బాస్ బ్రీఫింగ్ ఎప్పుడూ పొట్టిదే. రేడియేషన్ దగ్గర పనిచేసేవాళ్ల చొక్కాకు బ్యాడ్జి తగిలించి, మూడు నెలలకోసారి వెనక్కి తీసుకుని, ఒంటికి ఎంత తగిలిందో చెప్పే కంపెనీ, చనిపోయిన టెక్నీషియన్ పనిచేసింది. ఐదేళ్ల కిందట రెండు గదులు, ఒక మెషీన్. ఇప్పుడు పదకొండు బ్రాంచీలు, నలభై వేల బ్యాడ్జిలు. మధ్యలో ఒక విదేశీ ముఠా దాన్ని గుట్టుచప్పుడు కాకుండా కొనేసింది. అప్పటినుంచి రెండు ఫ్యాక్టరీల్లో రేడియేషన్ సోర్సులు, అంటే అతుకులు పరీక్షించడానికి వాడే, రేడియేషన్ చిమ్మే లోహపు ముక్కలు, మాయమయ్యాయి. మోసిందెవరో తెలీదు. అందరి రిపోర్టులూ సున్నాయే.

"ఈసారి వాళ్ల గురి పైపుల యార్డు మీద. మీ తమ్ముడు అక్కడే కదా?" అన్నాడు బాస్.

నత్త తలూపాడు. ఒంట్లో బాగుండటం లేదు, మానేస్తానని తమ్ముడు పోయినేడాది అన్నాడు. రిపోర్టులన్నీ తిరగేసి, ఆ సున్నాలు చూపించి, భయపడకుండా పనికి పొమ్మన్నది తనే.

బ్యాడ్జిలు పోగుచేసే ఉద్యోగి వేషం వేశాడు. చొక్కాకు కంపెనీ బ్యాడ్జి, జేబులో పెన్ను. ఆ పెన్ను రాయదు. రేడియేషన్ తగిలితే లోపలున్న సన్నగీత పక్కకు జరుగుతుంది.

యార్డు ఆఫీసులో బ్యాడ్జి కంపెనీ సేల్స్ మేడమ్ ఎదురైంది. నల్ల కళ్లద్దాలు, ఎర్ర గోళ్లు, మనిషి కన్నా ముందొచ్చే సెంటు. జీతం ముఠాది, సమాచారం డిపార్ట్‌మెంట్‌కి.

"మీ గడియారం ఆగినట్టుంది," అంది.

"కీ ఇచ్చేవాళ్లు లేరు," అన్నాడు.

కోడ్ కలిసింది. ఆమె గొంతు తగ్గించింది.

"కంట్రోల్ బ్యాడ్జిని ఎవరూ పెట్టుకోరు. ఊరికే ఆఫీసులో ఉంటుంది. దానికి తగిలింది మామూలుగా గాల్లో ఉండేదేనని, అంతా అందరి లెక్కలోంచీ తీసేస్తారు. మావాళ్లు దాన్ని సోర్సు పక్కన దాచారు. టెక్నీషియన్ కనిపెట్టింది, పోయింది."

"ఒక్క ఫ్యాక్టరీకీ అనుమానం రాలేదా?"

"మేం ఇంత ఎలా పెరిగామనుకున్నారు? సున్నా కోసం క్యూ కట్టారు."

నాలుగింటికి సోర్సు లారీలో వెళ్లిపోతుందని చెప్పింది. రేడియేషన్‌ను ఆపే సీసం డబ్బా అయితే దాని బరువే గేటు దగ్గర పట్టిస్తుందని, ఉత్త రేకు పెట్టెలో పెట్టారట. గేటు అలారం కూడా కంపెనీదే, మోగదు. మోసే మనిషికి స్పేర్ పార్టులని చెప్పారు.

"ఎవరా మనిషి?"

మేడమ్ కళ్లద్దాలు సర్దుకుంది. "మీ తమ్ముడే."

నాలుగవడానికి రెండు నిమిషాలు. నత్త పరుగెత్తడం డిపార్ట్‌మెంట్‌లో ఎవరూ చూసి ఉండరు. లారీ ఇంజను ఆన్‌లో ఉంది, గేటు కర్ర లేస్తోంది. తమ్ముడు పెట్టెను పొట్టకు ఆనించుకుని లారీ ఎక్కబోతున్నాడు. నత్త దాన్ని లాక్కుని ఇరవై అడుగులు పరుగెత్తి, యార్డులో సోర్సును భద్రంగా ఉంచే సీసపు గుంతలో దించి మూత వేశాడు. పెన్నులో గీత చివరికంటా వెళ్లి కూర్చుంది. బయట కాపుకాసిన డిపార్ట్‌మెంట్ జీపులు లారీకి అడ్డం పడ్డాయి. ముఠా మొత్తం దొరికింది.

మూడో వారానికి తమ్ముడి జుట్టు దువ్వెనకు వచ్చేసింది. డాక్టర్ నత్తను పక్కకు పిలిచి, ఇంటివాళ్లకు కబురు చేయమన్నాడు.

"అన్నయ్యా, నువ్వే కదా చూశావు. అన్నీ సున్నాలే కదా?"

నత్తకు ఏడుపొచ్చింది. ఉద్యోగంలో నేర్చిన అబద్ధాల్లో ఒక్కటీ నోట్లోంచి రాలేదు.

కంపెనీ మూతపడలేదు. నలభై వేల మందికి బ్యాడ్జి ఉండాలని చట్టం, చదివే మెషీన్లు ఇంకెవరి దగ్గరా లేవు. దేశసేవకు మెచ్చి మేడమ్‌నే ఎండీని చేశారు. పన్నెండో బ్రాంచి తెరిచారు. నత్త ఆ రోజు పెట్టుకున్న బ్యాడ్జి రిపోర్టు కూడా అక్కడినుంచే వచ్చింది, ఆమె సంతకంతో.

సున్నా.

నత్త దాన్ని మడిచి తమ్ముడి రిపోర్టుల పక్కన పెట్టాడు. కాగితాల ప్రకారం అన్నదమ్ములిద్దరూ నిక్షేపంలా ఉన్నారు.