పేరు పెట్టి పిలువమ్మా

హిందూపురంలో మిట్టమధ్యాహ్నం. పళ్లాసుపత్రి బయట బస్సుల హారన్లు, లోపల లవంగనూనె వాసన. రామాంజినమ్మకు ఆడ ఒక్కటీ నచ్చలేదు. పన్ను పీకేదానికి నిద్రమందెందుకు? నిద్రపోయేదానికి ఆక్సిజన్ ఎందుకు? చిలమత్తూరులో బస్సెక్కినప్పటి నుంచే ఆయమ్మ కూతురి చెయ్యి వదల్లేదు.

కానీ చేసేదేముంది! ఇరవై ఏండ్లొచ్చినా కూతురు పసిబిడ్డతో సమానం. మాట రాదు. పళ్లు పుచ్చి వారంగా గంజి కూడా మింగడం లేదు, నోట్లో ఎవరు వేలు పెట్టినా కొరికేస్తాది. మొగుడు ఈరన్న బెంగళూరులో కూలికి పోయినాడు. ఆయమ్మకు లోకమంతా ఆ పిల్లే.

"ఊపిరి సంగతి మేం చూసుకుంటాంలేమ్మా," అన్నాడు డాక్టరు ఆనంద్.

"అందరూ అట్లే అంటారప్పా," అని ఆమె పిల్ల కూర్చున్న కుర్చీ పక్కనే నిలబడింది. కదిలితే ఒట్టు!

సూదిమందు ఎక్కింది. ముక్కుకు మాస్కు పెట్టినారు. దాని కింద రబ్బరు సంచి ఊపిరితోపాటు ఉబ్బుతూ, తగ్గుతూ ఉంది. పుచ్చిన పళ్లన్నీ వచ్చేసినాయి. ఇంక పిల్ల లేవాలి.

లేవలేదు.

సంచి ఉబ్బడం తగ్గింది... గుండె కొట్టుకునేది చూపే మిషన్ కూత మెల్లగైంది... ఎక్కడిదో వక్కాకు వాసన గుప్పుమంది.

"ఈడ వక్కాకు ఎవురు నములుతాండారు?" రామాంజినమ్మ గుసగుసగా అడిగింది.

నర్సు యశోద వింతగా చూసింది. డాక్టరు సంచి నొక్కుతూనే, "పిలువమ్మా! నీ గొంతుకైతే లేస్తాది," అన్నాడు.

"పాపా... పాపా..."

"అట్ల కాదు, పేరు పెట్టి పిలువు!"

పిల్లకు పెట్టింది అత్త పేరు. అత్త పేరు కోడలి నోట రాకూడదు, అందుకే పుట్టినప్పటి నుంచి పాపా అనే పిలుపు. ఆ అత్తేమన్నా మామూలు మనిషా! నోట్లో ఎప్పుడూ వక్కాకు, మాట మాటకూ ముల్లు. చచ్చి ఏండ్లయినా ఆ పేరు వినబడితే రామాంజినమ్మ కొంగు సర్దుకుని లేచి నిలబడాల్సిందే.

కూత ఆగేటట్లుంది. కన్నపేగు, ఊరుకుంటుందా!

"నాగమ్మా!"

సంచి ఒక్కసారిగా ఉబ్బింది. పిల్ల కండ్లు తెరిచింది.

"తల్లి గొంతంటే అదీ!" అని డాక్టరు చెమట తుడుచుకుంటూ మిషన్ దగ్గరికి నడిచినాడు.

రామాంజినమ్మ మాత్రం నవ్వలేదు. పాప ఎప్పుడూ ఎవరి కండ్లలోకీ చూడదు. ఈ కండ్లు తనను కింది నుంచి పైదాకా కొలుస్తున్నాయి... పెదాలు కదిలినాయి.

"ఏమే... నా పేరు పెట్టి పిలిచేంతదానివైతివా?"

రామాంజినమ్మ ఒకడుగు వెనక్కేసింది.

"అత్తా... నా పాప యాడుండాది?"

"తిరిగొచ్చేదానికి వాకిలిదాకా వచ్చినాది. అంతలోనే నన్ను పిలిస్తివి కదే."

వెనక డాక్టరు, గండం గడిచిందని, మిషన్ ఆపేసినాడు.