బడి వెనకవైపు

రెండు వేల ఇరవై నాలుగు మే నెల పందొమ్మిది, ఆదివారం. ఆ పొద్దున ఇంటిల్లిపాదీ బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నారు. దాదా ఖలందర్‌కు ఆ తేదీ, ఆ తిండి కలిసే గుర్తున్నాయి. ఆ తర్వాత చాలా రోజులు నానబెట్టిన బొరుగులు కంటబడితే చాలు, ఆయన ముఖం తిప్పుకునేవారు.

గుంతకల్లులోని అద్దె ఇంట్లో అనీసా ఇంకా తెల్లవారకముందే పొయ్యి వెలిగించింది. ఆమె భర్త అతావుల్లా వజ్రకరూరు దగ్గర గాలిమరల కంపెనీలో సూపర్‌వైజరు. కంపెనీ అతన్ని చిలమత్తూరు పక్కన కొత్తగా పెట్టిన యూనిట్‌కు మార్చింది. జూన్ మొదట్లో చేరాలి. కాపురం చిలమత్తూరులో పెట్టాలా, కాస్త దూరమైనా హిందూపురంలో పెట్టాలా అన్నది ఆ ఇంట్లో కొన్నాళ్లుగా నలుగుతున్న మాట. అతావుల్లా మాత్రం మనసులో ఎప్పుడో తేల్చేసుకున్నాడు. హిందూపురంలో పేరున్న ప్రైవేటు స్కూలు ఒకటుంది. కూతురు సమీనా ఆరో తరగతి అక్కడే చదవాలి.

"ఊరు చూసుకోని బడి వెతికే కాలం కాదు నాయనా ఇది. బడి చూసుకోని ఊరు పట్టాల" అన్నాడు బజ్జీ తుంచుతూ. "మనం ఊరిడిసి గుంతకల్లుకు వచ్చింది అట్లనే కదా."

"వచ్చినామప్పా. ఆ సంగతి ఈ వీధిలో కుక్కలకు గూడా తెలుసు. ఒక్కొక్కదాన్నీ నిలబెట్టి చెప్పినావు" అన్నారు అతని తండ్రి దాదా ఖలందర్.

అనీసా నవ్వు దాచుకోవడానికి పొయ్యివైపు తిరిగింది. దాదా ఖలందర్ అనంతపురంలో బీఏ చదివి, కరెంటు ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషి. భార్య హబీబా చనిపోయాక కొడుకు దగ్గరే ఉంటున్నారు. మనవరాలిని బడికి దింపి, సాయంత్రం తీసుకురావడం ఆయన పని. ఆ పని లేకపోతే తన రోజుకు మొదలూ చివరా ఉండవని ఆయనకు తెలుసు.

సమీనా ఉగ్గాని తిన్నది గాని పక్కనున్న నీళ్ల గ్లాసు ముట్టలేదు.

"తాగు తల్లీ, ఎండలో పోవాల."

"వద్దులే తాతా. బయటికి పోతాండాం కదా."

ఆయన ఆ మాట పట్టించుకోలేదు. ఆ వీధిలో కుళాయి వస్తే వచ్చినట్టు, రాకపోతే లేనట్టు. సమీనా రోజూ బడి నుంచి సీసా నిండా నీళ్లు వెనక్కి తెచ్చి పుదీనా కుండీలో పోసేది. "చూడండప్పా, నీళ్ల విలువ తెలిసిన బిడ్డ" అని ఆయన ఇరుగుపొరుగుకు చూపించి మురిసిపోయేవారు. అనీసా కూడా నీళ్లు వృథా చేయదని కూతుర్ని మెచ్చుకునేది. నీళ్లు మిగిల్చిన పిల్లను ఆ ఇంట్లో ఎవరూ ఎందుకు మిగిలాయని అడగలేదు.

అతావుల్లా స్నేహితుడి కారు తీసుకుని బయలుదేరారు. హిందూపురం చేరేసరికి ఎండ ముదిరింది. సెలవులైనా స్కూలు ఆఫీసు తెరిచే ఉంది. గేటు నుంచి మెట్లదాకా ర్యాంకులు తెచ్చిన పిల్లల ఫొటోలతో ఫ్లెక్సీలు కట్టారు. లోపల ఏసీ హాలు, మెత్తటి సోఫాలు, గులాబీ సెంటు వాసన. అడ్మిషన్లు చూసే జయచంద్ర మెడకు టై కట్టుకుని ఎదురొచ్చాడు.

"ఆరో తరగతిలో ఇంకా కొన్ని సీట్లే ఉండాయి సార్. మా దాంట్లో ఇప్పటినుంచే ఇంజినీరింగ్ పునాది వేస్తాం."

"అదే కావాల మాకు" అన్నాడు అతావుల్లా ముందుకు జరిగి. పొద్దున్నుంచి అతని ముఖంలో లేని వెలుగు అప్పుడు వచ్చింది.

సమీనా తల్లి చెవిలో ఏదో చెప్పింది. బాత్రూము ఎక్కడని అనీసా జయచంద్రను అడిగింది. అక్కడిది స్టాఫ్‌కేనని, పిల్లలది బిల్డింగు వెనకాల ఉందని అతను చెయ్యి చూపించాడు. అనీసా దరఖాస్తు నింపుతోంది కాబట్టి దాదా ఖలందర్ లేచి మనవరాలి చెయ్యి పట్టుకున్నారు.

బిల్డింగు మూల తిరగకముందే వాసన ముఖానికి తగిలింది. సెంటు వాసన ఇంకా ముక్కులో ఉండగానే దాని మీద ఇది వచ్చి కూర్చుంది. సున్నం రాలిన గోడ మీద ఆడపిల్ల బొమ్మ. దాని కింద వరసగా తలుపులు. కుళాయి తిప్పితే గాలి బుసకొట్టింది. మూలనున్న డ్రమ్ములో అడుగున పచ్చటి నీళ్లు, వాటిలో పురుగులు. గచ్చు మీద ఎండి పెచ్చులు కట్టినదేదో, దాని మీద తడిగా మరోటి. ఈగలు లేచి ఆయన పెదవుల మీద వాలాయి. సెలవుల్లో ఖాళీగా ఉంటేనే ఇలా ఉంది. వందలమంది ఆడపిల్లలు తిరిగే రోజున ఎలా ఉంటుందో ఆయన ఊహించబోయి, ఊహించలేక ఆగిపోయారు.

సమీనా గడప దగ్గరే నిలబడింది. ఆ పిల్ల ముఖంలో అసహ్యం లేదు. అదే ఆయన్ను భయపెట్టింది.

"మా బడిలో గూడా ఇట్లే ఉంటాది తాతా. నేను లోపలికి పోనులే, ఆపుకుంటా. నాకు అలవాటే."

"అలవాటేంది?"

"పొద్దున్నుంచి తాగకుంటే సాయంత్రం దాకా రాదు. అందుకే సీసా నిండుగా ఉంటాది కదా."

ఆయన గోడ పట్టుకున్నారు. పొద్దున తిన్న ఉగ్గాని గొంతులోకి వచ్చింది. వంగి, ఆ గోడ పక్కనే కక్కేశారు. కక్కుతున్నంతసేపూ ఆయనకు పుదీనా కుండీ కనబడుతోంది. ఎంత పచ్చగా, ఎంత గుబురుగా పెరిగిందో. దాన్ని చూసి తాను ఎందరి ముందు నవ్వారో. గచ్చు మీది దానికంటే ఆ నవ్వే ఆయనకు రోతగా తోచింది.

ఎవరో చెంబుతో నీళ్లు అందించారు. స్కూలు ఆయా, గంగాదేవి. గేటు దగ్గర చిన్న రేకుల గదిలో ఉంటుందట.

"నోరు కడుక్కో అన్నా. పాపను నేను మా ఇంటికాడికి పిల్చుకపోతా. బకెట్ నిండా నీళ్లుండాయి" అంది. తిరిగొచ్చాక సమీనా చేతిలో నిమ్మకాయ చెక్క పెట్టి, "తాతకియ్యి, వాసన పోతాది" అంది. వెళ్లిపోతుంటే ఆయన ఆమెకు దండం పెట్టబోయారు. అప్పటికే ఆమె కొంగు దోపుకుని తన పనిలో పడింది.

హాలులో అతావుల్లా సంతకానికి పెన్ను తీశాడు.

"అప్పా, ఆగు" అన్నారు దాదా ఖలందర్. జయచంద్ర వైపు తిరిగి, "సార్, ఒక్కసారి నాతో వెనక్కి రాండి" అన్నారు.

జయచంద్రకు సంగతి అర్థమైంది. "ఎండాకాలం పెద్దాయనా. బోరు ఎండింది. బడి తెరిచేలోపల కడిగిస్తాం."

"అది ఈ ఎండాకాలం వాసన కాదు సార్. ఏండ్లనాటిది."

జయచంద్ర నవ్వాడు. మర్యాద తప్పని నవ్వే. "పేరెంట్స్ ర్యాంకులు అడుగుతారు, బస్సు అడుగుతారు. ఆ వైపు చూపియ్యమని ఇంతవరకు ఎవురూ అడగలేదు."

ఆ మాట అబద్ధమైతే దాదా ఖలందర్‌కు హాయిగా ఉండేది. గుంతకల్లులో ఇన్నేళ్లు గేటుదాకా దింపి వచ్చిన తాను కూడా ఏనాడూ అడగలేదు.

"నాయనా, నువ్వు పోయి కారులో కూర్చో" అన్నాడు అతావుల్లా పళ్ల మధ్యనుంచి. తర్వాత జయచంద్రతో, "రేపు పొద్దున కన్ఫర్మ్ చేస్తా సార్" అని లేచాడు.

ఆ రాత్రి ఉండటానికి చిలమత్తూరులో కంపెనీ వాళ్లు ఇచ్చిన క్వార్టర్స్‌కు చేరారు. రెండు గదుల ఇల్లు, కొత్త రంగు వాసన. అనీసా చాప పరిచి, పార్సిల్ తెచ్చిన చపాతీలు పెట్టింది. దాదా ఖలందర్ ముట్టలేదు. సమీనా రెండు ముక్కలు తిని, చాప చివర గోడవైపు తిరిగి పడుకుంది.

"తలకొట్టేసినట్లు చేసినావు నాయనా" అన్నాడు అతావుల్లా. "లెట్రిన్లు చూసి బడి ఎంచుకుంటారా ఎవురన్నా?"

"నువ్వు పోయి చూసినావా?"

"చూడాల్సిన పని లేదు. నేను సర్కారు బడిలో చెట్టు కింద చదివినా. ఇంటర్వ్యూలో ఇంగ్లీషు రాక నోరు మూసుకోని కూర్చున్నా. నేను పని నేర్పించినోళ్లు ఈ పొద్దు నాకు మేనేజర్లు. నా బిడ్డకు ఆ గతి పట్టకూడదు. అంతే. రోంత వాసనకు ఓర్చుకోలేమా?"

"నీ బాధ నాకు తెలుసప్పా. నిన్ను ఆ బడిలో వేసినోణ్ణి నేనే" అన్నారు దాదా ఖలందర్ మెల్లగా. "కానీ వాసనకు ఓర్చుకునేది నువ్వు కాదు. పోయినేడు ఎండల్లో దానికి జొరమెందుకొచ్చింది? మూత్రం మంటని ఎందుకు ఏడ్చింది? వేడి చేసింది అనుకున్నాం. సబ్జా గింజలు నానబెట్టి తాపినాం. సెలవులిస్తే తగ్గింది, బడి తెరిస్తే మళ్లీ వచ్చింది. పొద్దస్తమానం చుక్క నీళ్లు తాగకుండా, ఉగ్గబట్టుకోని కూర్చుంటాంది ఆ బిడ్డ. తెచ్చిన నీళ్లు కుండీలో పోస్తే నేను చప్పట్లు కొట్టినా."

అతావుల్లా భార్యవైపు చూశాడు. ఆమె ఆశ్చర్యపోలేదు. పార్సిల్ కాగితాలు మడుస్తూ ఉంది.

"నీకు తెలుసునా?"

"తెలుసు" అంది అనీసా. "నేనూ అట్లే చదివినా. టెన్త్ అయ్యేదాకా బడిలో నీళ్లు తాగి ఎరగను. ఆడపిల్ల చదువంటే అట్లే ఉంటాదనుకున్నా. చెప్పుకునే మాటని గూడా అనిపించలా."

"నాకొక్క మాట చెప్పింటే?"

"ఏమంటావో తెలుసు కదా. రోంత ఓర్చుకోమంటావు."

అతావుల్లా చేతిలోని చపాతీ కింద పెట్టాడు. ఇప్పుడే తాను అన్న మాట గదిలో ఇంకా అలాగే ఉంది.

చాప మీద కదలిక వినబడింది. సమీనా నిద్రపోలేదు. లేచి కూర్చుని, "నాయనా, నేను ఆ బడికి పోతాలే. తాతమీద అరవద్దు" అంది. "మధ్యాహ్నం దాకా కష్టం లేదు. తర్వాతనే పొత్తికడుపు నొప్పిస్తాది. అదీ అలవాటైతాది."

అతను కూతురి దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూలబడ్డాడు. "నాకెందుకు చెప్పలేదమ్మా?"

సమీనా గోరు గిల్లుకుంది. "నా చదువు కోసరమే ఊరు మారినామని అందరికీ చెప్తావు కదా. బడి బాగలేదంటే నీకు బాధైతాదని."

అతావుల్లా ఆ పిల్ల పాదాల మీద తల ఆనించాడు. శబ్దం బయటికి రాలేదు, భుజాలు మాత్రం అదిరాయి. సమీనాకు ఏం చేయాలో తెలియక తండ్రి జుట్టు సవరించింది. అనీసా మడిచిన కాగితాలు మళ్లీ విప్పి, మళ్లీ మడిచింది. ఆమె బుగ్గల మీద నీళ్లు కారుతున్నాయి.

కాసేపటికి అతావుల్లా ఫోను తీసుకుని వాకిట్లోకి వెళ్లాడు. తెరిచిన కిటికీలోంచి మాటలు వినబడ్డాయి.

"జయచంద్ర గారూ, మా సీటు ఇంకెవరికన్నా ఇచ్చుకోండి. లేదు సార్, ఫీజు సంగతి కాదు... మీరొకసారి వెనక్కి పోండి. లోపలికి పోయి, తలుపేసుకోని, రోంతసేపు నిలబడండి. అప్పుడు మాట్లాడుకుందాం."

లోపలికి వచ్చి తండ్రి పక్కన కూర్చున్నాడు. "రేపు ఈడ బడులు చూద్దాం నాయనా. సర్కారుదీ చూద్దాం. సెలవులైనా వాచ్‌మన్‌నన్నా అడిగి అనీసా మొదట వెనకవైపు చూసొస్తాది. బాగుందంటేనే నేను ముందు గేటులో పోతా."

"పోయి ర్యాంకులు గూడా అడుగు. సిగ్గుపడాకు. ఇంగ్లీషు గూడా కావాల్సిందే" అన్నారు దాదా ఖలందర్.

అతావుల్లా ఏడుపు ముఖంతోనే నవ్వాడు. "యాడా బాగలేకుంటే?"

"నీ దగ్గర గొంతుండాది, నా దగ్గర తీరిక ఉండాది. రోజూ పోయి అడుగుతాం. ఇంతకుముందు ఎవురూ అడగలేదన్నాడు గదా."

అనీసా మామగారి ముందు చపాతీలు పెట్టింది. ఈసారి ఆయన తిన్నారు. ఎక్కువ కాదు, ఒకటి.

పడుకునే వేళకు సమీనా బాత్రూము అంది. అక్కడి బల్బు ఇంకా బిగించలేదు. అతావుల్లా ఫోను లైటు వేసి కూతురి చేతికిచ్చి, తలుపు బయట వీపు తిప్పుకుని నిలబడ్డాడు.

"నాయనా, ఉండావా?"

"ఈడనే ఉండా తల్లీ. తొందరేం లేదు."

దాదా ఖలందర్ తన గదిలోంచి కొడుకుని చూశారు. పొద్దున ఫ్లెక్సీల ముందు నిలబడినప్పటికంటే ఇప్పుడు నిటారుగా నిలబడినట్టు తోచింది. చెయ్యి చాపి, చప్పుడు కాకుండా తన గది తలుపు దగ్గరికి వేసుకున్నారు.