ఎనిమిదో చుక్క

ఉదయం పదకొండు. గుండె లయ తప్పినవాళ్లకి వైద్యం చేసే గది చల్లగా, స్పిరిట్ వాసనతో ఉంది. బల్ల మీద స్కూలు బస్సు నడిపే ఆవిడ. గుండె దడతో రెండుసార్లు కళ్లు తిరిగి పడేసరికి పాపం ఆవిడ ఉద్యోగం అటకెక్కింది. మత్తులోకి జారేముందు టెక్నీషియన్ చెయ్యి పట్టుకుని, "అక్కా, నా స్టీరింగ్ నాకు దక్కేలా చూడు" అంది.

తొడ దగ్గర రక్తనాళంలోంచి గుండెదాకా సన్నటి తీగ పంపి, దడ పుట్టే చోటు వెతికి కాల్చాలి. ఈ పని నేర్పిన పెద్ద డాక్టర్ సముద్రాల అవతల ఉంటాడు. అక్కడినుంచే తెర మీద గుండె బొమ్మ చూస్తూ, స్పీకర్లో చోటు చెబుతాడు. టెక్నీషియన్ అక్కడ చుక్క పెట్టి, సరిచూసి "సరే" అంటేనే ఇక్కడి డాక్టర్ కాలి కింది కాల్చే పెడల్ నొక్కాలి. ఆ నియమం పెద్ద డాక్టర్ పెట్టిందే.

ఏడు చోట్ల కాల్చారు. దడ ఆగలేదు. స్పీకర్లో గరగర... ఎక్కడినుంచో కాలిన వెంట్రుకల వాసన.

"ఇంకాస్త ఎడమకి" అంది పెద్ద డాక్టర్ గొంతు. ఎనిమిదో చుక్క దానంతటదే వెలిగింది. టెక్నీషియన్ మౌస్ ముట్టుకోనేలేదు.

అక్కడ కాలిస్తే దడతోపాటు గుండె కూడా ఆగిపోవచ్చు. ఆ సంగతి నేర్పిందీ ఆయనే.

"కాల్చండి."

డాక్టర్ కాలు పెడల్ మీదకి వెళ్లింది. ఏళ్ల తరబడి ఆ గొంతు మాట జవదాటని కాలు అది.

"ఆగండి సార్. నేను సరే అనలేదు."

"ఆయన చెబుతున్నారుగా..."

"ఎవరు చెబితే నాకేంటి? అనను గాక అనను."

గోడ ఫోన్ మోగింది. ఆమె ఎత్తింది. పెద్ద డాక్టర్! "ఐదో చుక్క తర్వాత లైన్ పోయింది. ఎంతవరకు వచ్చారు?"

మరి ఆరూ ఏడూ... చెప్పిందెవరు?

"కాల్చు." ఈసారి గుసగుస. ఆమె చెవి పక్కనే.

భయం వెయ్యలేదంటే అబద్ధం. కానీ ఒళ్లుమంట అంతకంటే ఎక్కువైంది. స్పీకర్ వైరు పీకి పారేసింది.

"నా బల్ల మీది మనిషి జోలికొస్తే మర్యాదగా ఉండదు. పో!"

తెర మీద కనిపించేది చెప్పి, ఫోన్లోనే అసలు చోటు తెలుసుకుంది. ఒకటికి రెండుసార్లు సరిచూసింది. "సరే." దడ ఆగింది. డ్రైవరమ్మ గుండె బుద్ధిగా నడక అందుకుంది.

మధ్యాహ్నం తర్వాతి రోగి ఫైలు తెరిచింది. ఆ మనిషి ఇంకా వరండాలోనే ఉన్నాడు, గుండె బొమ్మ ఇంకా తయారే కాలేదు. నల్లటి తెర మీద ఒకే ఒక్క ఎర్ర చుక్క. చెరిపింది. మళ్లీ వచ్చింది.

కుర్చీ ముందుకు లాక్కుంది. "రా. ఇవాళ నువ్వో నేనో తేలిపోవాలి."

చుక్క నెమ్మదిగా... కొట్టుకోవడం మొదలుపెట్టింది.