తలెత్తిన దీపాలు

"మావయ్యా, ఎవరో ఆవిడ మెట్లెక్కి వస్తోంది. బాగా ఏడ్చినట్టుంది" అన్నాడు మేనల్లుడు, కిటికీలోంచి తొంగి చూసి.

"అయితే ముందు మంచినీళ్ళు తీసుకురా. సంగతేమిటో ఆవిడే చెబుతుంది" అని ఆరా గారు పేపరు మడిచి పక్కన పెట్టాడు.

ఆరా గారి అసలు పేరు ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు. తలుపు మీద ప్రైవేటు డిటెక్టివు అని రాసుంటుంది. ఏ ఇంట్లో ఏది పోయినా ఆరా తీసేది ఆయనే కాబట్టి జనం ఆ పేరే ఖాయం చేసేశారు. ఆయన దగ్గర సహాయకుడిగా ఉన్న మేనల్లుడికైతే మావయ్య అంటే దేవుడే. మావయ్య తుమ్మినా అందులో ఏదో తర్కం ఉంటుందని నమ్మే మనిషి అతను.

వచ్చినావిడ మున్సిపాలిటీలో వీధిదీపాల ఇంజనీరు. వెనకాలే ఆవిడ భర్త వచ్చాడు. ఆయన బోర్డులు రాసే పెయింటరు. ఒకప్పుడు ఆయన చేతి అక్షరం లేని దుకాణం ఆ ఊళ్ళో ఉండేది కాదు. గుమ్మం దగ్గర ఒక క్షణం ఆగి తలుపు మీది అక్షరాలు చూసి, "ఇది నా పని కాదులెండి. వరుస వంకరపోయింది" అని లోపలికొచ్చాడు.

"కూర్చోమ్మా. ఏం జరిగింది?"

"నా కొంప మునిగిందండీ. రేపు మధ్యాహ్నం కౌన్సిల్ మీటింగు. నన్ను సస్పెండ్ చేస్తారు" అంది ఇంజనీరమ్మ.

సంగతి ఇదీ. ఆ ఊరి నిబంధన ప్రకారం వీధుల్లో, ఆరుబయట వెలిగేవన్నీ పాత పసుపు సోడియం దీపాలే అయి ఉండాలి. ఎప్పుడో రాసుకున్న నిబంధన. తక్కువ కరెంటుతో వెలిగే ఎల్.ఈ.డీ. దీపాలకు అందులో చోటే లేదు. ఇంజనీరమ్మ పట్టుబట్టి కొత్త నిబంధన తయారు చేసింది. ఎల్.ఈ.డీ.లు పెట్టుకోవచ్చు, కానీ వెలుగు నేల మీదే పడాలి, ఎవరి కిటికీలోకీ కొట్టకూడదు. కౌన్సిల్ వాళ్ళు ముందు ఒక్క వీధిలో పెట్టి చూపిస్తే, రేపటి మీటింగులో ఓటుకి పెడతామన్నారు.

"మా వీధిలో పెడితే స్వార్థం అంటారని, మా పసుపు దీపాలు మాకు ఉంచేసి బడి వీధిలో పెట్టించానండీ. జనం మురిసిపోయారు. మొన్న సాయంత్రం పెద్ద వాన పడింది కదా, అందరూ తలుపులేసుకున్నారు. వాన వెలిసి కిటికీలు తీసి చూస్తే ఏముంది, దీపాలన్నీ తలలు పైకెత్తుకుని ఉన్నాయి! నేల మీద చీకటి, కళ్ళలో వెలుగు. డ్యూటీ దిగి సైకిల్ మీద వస్తున్న నర్సమ్మ కళ్ళు బైర్లు కమ్మి కాలవలో పడిపోయింది. చెయ్యి విరిగింది. నేను సరిగ్గా బిగించలేదు కాబట్టే గాలికి లేచాయట! ఒక్కో బోల్టూ నా చేత్తో బిగించానండీ!"

"ఎవరి మీదైనా అనుమానముందా?"

జవాబు భర్త చెప్పాడు. "ఎవరి మీద లేదో అడగండి. ఈవిడ పేరు చెబితే సగం ఊరికి కడుపుమంట. పాత నిబంధన రాసిన సూపరింటెండెంటు ఉన్నాడు. పాత దీపాలమ్మే బల్బుల బాబాయి ఉన్నాడు."

కడుపుమంట మాట మాత్రం నిజమే. బడి వీధిలో దీపాలు వెలిగిన రోజు నుంచీ పక్క వీధుల్లో ఒకటే ఏడుపు. మేం మనుషులం కామా, మా వీధికేం రోగం అని. ఇంట్లో అన్నీ ఉన్నా, ఎదురింటి ముందు కాస్త ఎక్కువ వెలుగుంటే చాలు, కొందరికి ముద్ద దిగదు. ఇలాంటి వాళ్ళని చూస్తే ఒళ్ళు మండిపోతుంది. కానీ ఊరంతా వాళ్ళే ఉంటే ఎవర్నని తిడతాం?

ఆరా గారు మేనల్లుణ్ణి తీసుకుని బడి వీధికి వెళ్ళాడు. కౌన్సిల్ వాళ్ళు చూడాలని దీపాలను ఎలా ఉన్నవి అలాగే వదిలేశారు. ఒక నిచ్చెన అడిగి తెచ్చి, మేనల్లుణ్ణి కింద పట్టుకోమని, ఆయనే పైకెక్కాడు.

"బోల్టులు వదులయ్యాయా మావయ్యా?"

"ఎక్కడిది! విప్పి, దీపం తల తిప్పి, మళ్ళీ గట్టిగా బిగించారు. గాలి వచ్చి బోల్టులు బిగించి పోదు కదా. నువ్వు ఆ చివర నుంచి ఒకసారి వరుసగా చూడు."

మేనల్లుడు వెళ్ళి ఒక కన్ను మూసి చూశాడు. "అన్నీ ఒకే తీరుగా లేచి ఉన్నాయి. దారం కట్టి కొలిచినట్టున్నాయి."

"పాడు చేసిన మహానుభావుడికి కూడా వరుస తప్పితే మనసొప్పలేదన్నమాట" అంటూ ఆరా గారు కిందికి దిగి, ఒక్కో స్తంభాన్నీ చుట్టూ తిరిగి చూశాడు. కౌన్సిల్ వాళ్ళ కోసమని మొన్న పొద్దున్నే వాటికి వెండిరంగు వేశారు. సాయంత్రానికి ఇంకా జిగటగానే ఉండి ఉంటుంది.

"మున్సిపాలిటీ వాళ్ళది ఇనుప నిచ్చెన. ఆనిస్తే తడి రంగు మీద గీతలు పడాలి. ఒక్క గీతా లేదు చూడు. దానికి బదులు ఇదేమిటి?"

"గుడ్డ నేత అచ్చులా ఉంది."

"ప్రతి స్తంభానికీ ఉంది" అన్నాడు ఆరా గారు.

సూపరింటెండెంటు ఆఫీసులోనే దొరికాడు. రిటైర్మెంటు దగ్గర పడ్డ మనిషి. ఇంజనీరమ్మ పేరు ఎత్తగానే ముఖం గంటు పెట్టుకున్నాడు.

"మొన్న వానలో ఎక్కడున్నారండీ?"

"ఎక్కడుంటాను? ఇంట్లో. వరండాలో కూర్చున్నాను."

"మధ్యలో కరెంటు పోయిందట."

"ఊరంతా పోయింది. రెప్పపాటులో వచ్చేసింది. ఇంట్లో లైట్లు వెలిగాయి గానీ వీధి దీపం మొరాయించింది. పెట్టించినవాణ్ణి, నాకు తెలీదా దాని సంగతి? ఒకసారి ఆరితే అది బాగా చల్లారాలి. ఆ తర్వాత ఎర్రగా కన్ను తెరవాలి. అప్పుడు గానీ పసుపు వెలుగు రాదు. అంతసేపూ చీకట్లోకి చూస్తూ కూర్చున్నాను."

"ఆ ఇబ్బంది తెలిసి కూడా కొత్త దీపాలు వద్దంటున్నారా?"

ఆయనకి చుర్రుమంది. "నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నాకు దీపాలు నేర్పుతుందా? అవునయ్యా, నాకు ఏడుపే! ఉద్యోగం మొత్తం ఈ ఊరికి దీపాలు పెట్టడంతోనే సరిపోయింది. ఒక్కడంటే ఒక్కడు చప్పట్లు కొట్టలేదు. ఆ పిల్ల ఒక్క వీధిలో పెడితే లైట్లమ్మ అని నెత్తిన పెట్టుకున్నారు. ఏడుపుండదా? కానీ వెలిగే దీపం మీద నేను చెయ్యి వెయ్యను."

బల్బుల బాబాయి దుకాణంలో గల్లాపెట్టె వెనక ఉసూరుమంటూ కూర్చున్నాడు. "గోడౌన్ నిండా పాత సరుకే బాబూ. ఆవిణ్ణి చూస్తే ఒళ్ళు మండుతుంది. దాచుకోవడం ఎందుకు?"

"వానలో ఏం చేస్తున్నారు?"

"షట్టరు వేసుకుంటున్నా. ఖర్మ కాలి అప్పుడే కరెంటు పోయింది. వచ్చాక కూడా వీధంతా గుడ్డి చీకటి. తాళం కన్నం కనబడక తడిసి ముద్దయ్యాను. అప్పుడు మాత్రం, కొత్త దీపాలుంటే ఎంత బాగుండేదో అనిపించింది. ఈ మాట మాత్రం ఎవరితోనూ అనకండి, నా వ్యాపారం పోతుంది!"

మేనల్లుడు నవ్వాపుకోలేక బయటికొచ్చేశాడు.

ఆఖరికి ఇంజనీరమ్మ ఇంటికి వెళ్ళారు. ఆవిడ లేదు. ముందు గదిలో పెయింటరు ఒక బట్టల కొట్టు బోర్డుకి అక్షరాలు దిద్దుతున్నాడు. గీత గీయకుండా, కంటి కొలతతోనే. మేనల్లుడు నోరెళ్ళబెట్టి చూశాడు. గోడవారన కర్ర నిచ్చెన పడుకోబెట్టి ఉంది. దాని పై కొనలు రెండింటికీ పాత గుడ్డలు చుట్టి ఉన్నాయి.

"ఈ గుడ్డలెందుకండీ?" అని మేనల్లుడు అడిగాడు.

"గోడల మీద రంగు గీసుకుపోకుండా" అన్నాడు పెయింటరు, కుంచె ఆపకుండానే.

అంతలో ఒకాయన గుమ్మంలోకి వచ్చి, "లైట్లమ్మ గారి ఇల్లు ఇదేనా?" అన్నాడు.

"బోర్డు రాయించుకోడానికా?"

"అబ్బే, కాదండీ. మా వీధికీ ఆ దీపాలు వేయించమని అడుగుదామని. మీరు లైట్లమ్మ గారి ఆయనా?"

పెయింటరు కుంచె అక్కడే ఆగిపోయింది. "ఆవిడ లేదు. వెళ్ళిరండి" అని తలుపు దగ్గరికి వేసేశాడు.

ఆరా గారు ఏమీ పట్టనట్టు అడిగాడు. "ఆ సాయంత్రం మీ ఆవిడ ఇంట్లో ఉందా?"

"ఆఫీసులో. నేనొక్కణ్ణే ఈ గుమ్మంలో కూర్చుని వాన చూస్తున్నా."

"కరెంటు పోయింది, గుర్తుందా?"

"లేకేం! అలా పోయి ఇలా వచ్చింది. స్తంభం కింద కుక్క ఒకటి ముడుచుకు పడుకుంది. దీపం టక్కున వెలిగేసరికి బెదిరి ఒకటే పరుగు. భలే నవ్వొచ్చింది."

"నవ్వొచ్చే ఉంటుంది" అని ఆరా గారు లేచాడు.

దారిలో మేనల్లుడు, "పాపం, మంచివాడు మావయ్యా. పెళ్ళానికి ఎంత అండగా ఉన్నాడో" అన్నాడు. ఆరా గారు నడక వేగం పెంచాడు.

మర్నాడు మీటింగుకి ముందు, కౌన్సిల్ హాల్లో అందర్నీ కూర్చోబెట్టాడు. చైర్‌పర్సన్, కౌన్సిలర్లు, సూపరింటెండెంటు, బల్బుల బాబాయి, చేతికి పిండికట్టుతో నర్సమ్మ. ఒక పక్క ఇంజనీరమ్మ, ఆవిడ పక్కనే భర్త. గుమ్మం దగ్గర ఒక కానిస్టేబులు.

"మొదటి సంగతి. దీపాలు గాలికి లేవలేదు. బోల్టులు విప్పి, తిప్పి, మళ్ళీ బిగించారు. ఇంజనీరమ్మ తప్పేమీ లేదు" అన్నాడు ఆరా గారు.

ఇంజనీరమ్మ గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"రెండోది. చేసినవాడి నిచ్చెన మున్సిపాలిటీది కాదు. దాని కొనలకి గుడ్డలున్నాయి. మూడోది. ఏ కొలతా లేకుండా, వానలో, వీధి పొడవునా దీపాలన్నిటినీ ఒకే వాలుకి తిప్పాడు. అంత సూటిగా చూసే కన్ను ఈ ఊళ్ళో ఎందరికుంది?"

బల్బుల బాబాయి మెల్లగా పెయింటరు వైపు తిరిగాడు. చైర్‌పర్సన్ కూడా.

"ఏంటండీ, అందరూ నన్ను చూస్తారు? ఆ వేళ నేను మా గుమ్మంలో ఉన్నానని చెప్పానుగా!" అన్నాడు పెయింటరు.

"చెప్పారు. కరెంటు రాగానే దీపం టక్కున వెలిగిందనీ, కుక్క బెదిరి పరుగెత్తిందనీ కూడా చెప్పారు. సూపరింటెండెంటు గారూ, మీ పసుపు దీపం ఆరి, వెంటనే టక్కున వెలుగుతుందా?"

"జన్మలో వెలగదు" అన్నాడు సూపరింటెండెంటు.

"మీ వీధిలో ఉన్నవి ఆ పసుపు దీపాలే. కరెంటు రాగానే వెలిగే వీధిదీపాలు ఈ ఊరి మొత్తం మీద బడి వీధిలోనే ఉన్నాయి. ఆ కుక్కని మీరు చూసింది నిజమే. నిచ్చెన మీంచి చూశారు. అబద్ధం చెప్పేటప్పుడు మీరు ఉన్న చోటు మార్చారు గానీ, చూసిన దాన్ని మార్చడం మర్చిపోయారు."

మేనల్లుడు పెయింటరు ఇంటి నుంచి తెచ్చిన కర్ర నిచ్చెన మోసుకొచ్చి హాలు మధ్యలో పెట్టాడు. కొనల గుడ్డల మీద వెండిరంగు అట్ట కట్టి ఉంది.

"నా గుడ్డల మీద అన్ని రంగులూ ఉంటాయి" అన్నాడు పెయింటరు.

"ఉంటాయి. ఈ మధ్య వెండిరంగుతో రాసిన బోర్డు ఏదో చెప్పండి. వెళ్ళి చూసొస్తాం."

పెయింటరు ఉన్నట్టుండి అరిచినంత పని చేశాడు. "అవును, నేనే! ఈ వీధుల్లో జనం తలెత్తి చూసేవి నా బోర్డులండీ! ఇప్పుడు నా ఎదురుగా నిలబడి, దీపాల్ని చూసి, లైట్లమ్మ గారి ఆయనా అంటారు. నా పేరే పోయింది. పొద్దున లేస్తే ఇంటికొచ్చేవాళ్ళంతా ఆవిడ కోసమే. ఎంతకని ఓర్చుకోను? అసూయే నాకు. ఒక్కసారి ఆవిడా తల దించుకోవాలనిపించింది. నర్సమ్మ పడుతుందని మాత్రం అనుకోలేదు."

"నువ్వు అనుకోలేదని నా ఎముక అతుక్కుంటుందా నాయనా?" అంది నర్సమ్మ.

సూపరింటెండెంటు తన బూట్లు చూసుకుంటున్నాడు. నిన్న తన ఏడుపు తనే చాటుకున్న మనిషి, ఇప్పుడు ఎక్కడ చూడాలో తెలియక సతమతమయ్యాడు.

ఇంజనీరమ్మ భర్త వైపు తిరిగింది. ఆవిడ కళ్ళు పొడిగా ఉన్నాయి.

"మొన్న రాత్రి అన్నం ముట్టకుండా ఏడుస్తూ కూర్చున్నాను. మీరు నా తల నిమిరి, నేనున్నాను కదా అన్నారు. అప్పుడు మీకు ఎలా అనిపించింది?"

అబద్ధం చెప్పొచ్చు. నరకంలా ఉందనొచ్చు, కాళ్ళు పట్టుకోవచ్చు. ఆయన అవేవీ చెయ్యలేదు.

"బాగా అనిపించింది. ఎన్నాళ్ళకో నీకు నా అవసరం వచ్చింది" అన్నాడు.

"ఇక రాదు" అంది ఇంజనీరమ్మ.

కానిస్టేబులు ఆయన్ని బయటికి తీసుకెళ్ళాడు. మీటింగు రేపటికి వాయిదా వేద్దామా అని చైర్‌పర్సన్ మెల్లగా అడిగితే, వద్దండీ, ఇప్పుడే కానిద్దాం అని ఇంజనీరమ్మ లేచి నిలబడింది. నిబంధన మొదటి నుంచి చివరి దాకా గొంతు వణక్కుండా చదివింది. చేతులెత్తమన్నప్పుడు, ఓటు లేకపోయినా అందరికన్నా ముందు ఎత్తింది సూపరింటెండెంటు. కొత్త నిబంధన ఖాయమైంది, హాలంతా చప్పట్లు మోగాయి.

ఆ చప్పట్ల మధ్యలోనే ఆవిడ ఆరా గారి దగ్గరికి వచ్చింది.

"దీపాలు దించడానికి బడి వీధికి వెళ్తున్నానండీ. అది అయ్యాక మీరూ మీ మేనల్లుడూ మా ఇంటి దాకా తోడు రాగలరా? నా బట్టలు తెచ్చుకోవాలి."