దస్తీ వేసిన సీటు

కుర్చీ మీద దస్తీ ఉంది. దస్తీ వేసినవాడు లేడు.

సూర్యాపేట బస్టాండు దగ్గర హన్మా నెట్ సెంటర్. పది గంటలకు డిగ్రీ కాలేజీ ఐదో సెమిస్టర్ కోర్సుల రిజిస్ట్రేషన్ తెరుచుకుంటుంది. ఎలక్టివ్ కోర్సుల్లో సీట్లు తక్కువ. ముందు నొక్కినవాళ్లదే సీటు. కాలేజీ వైఫైని నమ్ముకున్నవాళ్లకు పోయినసారి ఏ కోర్సులు మిగిలాయో అందరికీ గుర్తుంది. అందుకే ఇక్కడ జాతర.

ప్రమీల ఆ దస్తీని రెండు వేళ్లతో ఎత్తి, కీబోర్డు పక్కన పడేసి, కూర్చుంది.

"హలో! అది నా సీటండీ!" టీ గ్లాసుతో పరుగెత్తుకొచ్చాడు శ్యాంసుందర్.

"పేరు రాసున్నదా?"

"కర్చీఫ్ వేసుంది కదా!"

"గిదేమన్న మిర్యాలగూడ బస్సా, కిటికీలకెళ్లి దస్తీ ఏస్తే సీటు నీదైతందుకు? మనిషి కూసుంటేనే సీటు."

"మా కోదాడలో కర్చీఫ్ వేస్తే ఎవరూ ముట్టుకోరు. మర్యాద."

"ఔ మల్ల, మర్యాదంత మీ కోదాడలనే పుట్టింది. పక్క కుర్చీ ఖాళీగున్నది, గాడ కూసో."

శ్యాం పక్క కుర్చీలో కూర్చున్నాడు. మొదటి సెమిస్టర్ నుంచీ ప్రతిసారీ ఇదే కుర్చీ, ఇదే దస్తీ, ఇదే తగాదా. ఎందుకో నెట్ సెంటర్ నడిపే హన్మాకు ఎప్పుడో అర్థమైంది. ప్రమీలకు కాలేదు.

"ఈసారి ఏం తీసుకుంటున్నారు?"

"ధాన్యం నాణ్యత పరీక్ష." ఆమె గొంతులో వెటకారం పోయింది. "మా నాయిన మిర్యాలగూడ రైసు మిల్లుల హమాలీ. రోజు బస్తా మోసుకుంట ల్యాబ్ ముంగటికెళ్లి పోతడు. ఆ అద్దాల తలుపు లోపల నేను తెల్లకోటు ఏసుకొని నిలవడాలె. నాయిన బయట నిలవడి సూడాలె. ఈ కోర్సు తీసుకున్నోళ్లనే మిల్లు ట్రైనింగ్‌కు పిలుస్తది. నీదేంది?"

"ట్యాలీ. మా నాన్న టైర్ల షాపు లెక్కలు ఎవరో ఒకరు చూడాలిగా."

పది కొట్టింది. పేజీ తెరుచుకుంది. వేళ్లు పరుగెత్తాయి.

చిక్కు ఒక్కటే, ఓటీపీ. అది కొడితేనే సీటు ఖాయం. అడ్మిషన్ల నాడు హన్మా, "తండ్రి నంబరైతేనే పదిలం" అంటూ తన దగ్గరికొచ్చిన పిల్లలందరికీ తండ్రుల నంబర్లే నింపాడు. అప్పటినుంచీ సగం కాలేజీ ఓటీపీలు పొలాలకూ మిల్లులకూ పోతున్నాయి. మార్పించుకుందామని అందరూ అనుకుంటారు. రిజిస్ట్రేషన్ రోజున మాత్రమే అనుకుంటారు.

ప్రమీల తండ్రికి ఫోన్ చేసింది. రింగవుతోంది. ఎత్తడం లేదు.

"మిల్లు మోతల ఇనపడదు..." మళ్లీ చేసింది.

ధాన్యం పక్కన మిగిలిన సీట్ల అంకె తగ్గుతోంది. ఐదు. మూడు. ఒకటి.

శ్యాం తెర మీద ట్యాలీ సిద్ధంగా ఉంది. ఒక్క నొక్కు చాలు. అతను ప్రమీల ముఖం చూశాడు. ట్యాలీ మూశాడు. ధాన్యం నొక్కాడు. కోదాడలో అతని తండ్రి జైరాం ఫోన్ చేతిలోంచి దించని మనిషి. క్షణంలో అంకెలు చెప్పేశాడు.

ధాన్యం, సున్నా.

ప్రమీల తన తెర చూసింది. తర్వాత పక్క తెర చూసింది.

"ట్యాలీ అంటివి!"

"ప్రమీల గారూ, అసలు సంగతేంటంటే..."

"దస్తీ తీసినందుకా? గింత కక్షనా?"

బయట వాన మొదలైంది. ఆమె గొడుగు కూడా తెరవకుండా వెళ్లిపోయింది.

మర్నాడు సాయంత్రం మిర్యాలగూడ బస్సు ఆగేచోట ఆమెను పట్టుకున్నాడు శ్యాం. మళ్లీ వానే. తలమీద నోట్‌బుక్, ఆయాసం.

"దస్తీ వేశానండీ."

"ఏంది?"

"ఆ సీటు మీద. ఇంకెవరూ కూర్చోకుండా. మార్పులకు వారం టైముంది. నేను వదిలేస్తా, మీరు పట్టుకోండి. ఎవరికీ తెలియదు."

ప్రమీల అతని తడిసిన నోట్‌బుక్ కేసి చూసింది. "మరి నీ ట్యాలీ?"

"నిండిపోయింది."

"పిచ్చోడా!" అంది. ఆ మాటలో తిట్టు లేదు. మరుక్షణం గడ్డం పైకెత్తింది. "గని నాకొద్దు. ఎవలకు తెల్వకుండ నువ్వు వదులుడు, నేను పట్టుడు. రేపు నాయిన ముంగట తెల్లకోటు ఏసుకుంటే, గది కోదాడ పిలగాడు ఇచ్చిన కోటైతది."

"మరేం చేయమంటారు?"

"క్లాస్ గ్రూపుల పెట్టు. రేపు పదింటికి ధాన్యం సీటు వదులుతున్న అని. ఎవలకు కావాలంటే వాళ్లు రావాలె. గెలిస్తే నాది. ఓడితే కాదు."

"మీకు మతిపోయిందా? సాయికిరణ్ మెరుపులా నొక్కుతాడు!"

"నొక్కనీ."

బస్సు కదిలింది. శ్యాం వానలో నిలబడి, తిట్టుకుంటూనే మెసేజ్ టైప్ చేశాడు. నాలుగు సెమిస్టర్లుగా అతను ఆమె కళ్లే చూశాడు. ఆమె ఎంత ఎత్తున నిలబడుతుందో ఇవాళ చూశాడు.

పొద్దున్నే నెట్ సెంటర్ కిక్కిరిసింది. తిరుమలగిరి సాయికిరణ్ వేళ్లు విరుచుకుంటున్నాడు. తుంగతుర్తి వైష్ణవి మౌస్‌కు దండం పెట్టింది. ప్రమీల పక్క కుర్చీలో శ్యాం. అతని వేలు మౌస్ మీద సిద్ధంగా ఉంది.

పది.

"వదిలేశా!"

మూడు మౌసులు ఒక్కసారి మోగాయి. మూడు ఓటీపీలు మూడు ఊళ్లకు బయల్దేరాయి.

"బాపూ! మెసేజ్ సూడు! ముందుగాల మోటర్ బంద్ చెయ్యి బాపూ!" సాయికిరణ్ అరుస్తున్నాడు.

"స్విచాఫ్ అంట!" వైష్ణవి నెత్తి కొట్టుకుంది.

ప్రమీల ఫోన్ మొదటి రింగుకే ఎత్తారు. వెనక మోత లేదు. నిశ్శబ్దం.

"నాయినా? మిల్లు బందున్నదా?"

"నడుస్తుంది బిడ్డా. నేనే గేటు బయటికొచ్చిన. మా హమాలీల ముఠా మొత్తం వచ్చింది. బస్తాలు దించేసి, గీడనే నిలవడ్డరు. రాసుకో. నాలుగు!"

"నాలుగూ!" వెనక గొంతులన్నీ కలిసి పలికాయి.

"సున్నా!"

"సున్నా!"

"ఏడు!"

అంకె అంకెకూ ముఠా కోరస్. ఆరో అంకె పడింది. ప్రమీల నొక్కింది. తెర తెల్లబడింది. చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది.

పచ్చ అక్షరాలు వచ్చాయి. రిజిస్టర్డ్.

"అయిందా బిడ్డా?"

"అయింది నాయినా!"

"ఏయ్, నా బిడ్డకు సీటొచ్చిందిరా!" ఫోన్‌లో ఈలలు. సాయికిరణ్ కూడా చప్పట్లు కొట్టాడు. అతని ఓటీపీ అప్పటికి గానీ రాలేదు పాపం.

ప్రమీల కళ్లు తుడుచుకోవడానికి చేయి చాపింది. దొరికింది శ్యాం దస్తీయే.

"ఉతికిస్త. ఇంతకు నీకేం మిగిలింది?"

శ్యాం తెర చూసి నీరసంగా చదివాడు. "పుట్టగొడుగుల పెంపకం."

నాలుగు సెమిస్టర్లలో ప్రమీల అంతలా నవ్వడం అదే మొదలు.

సెమిస్టర్ సెలవుల్లో మిల్లు నుంచి ట్రైనింగ్ పిలుపొచ్చింది. ట్రైనింగ్ చివరి రోజు శ్యాం మిర్యాలగూడ వెళ్లాడు. చేతిలో ఓ పొట్లం. వరిగడ్డి మీద తను పెంచిన పుట్టగొడుగులు.

ల్యాబ్ అద్దాల తలుపు లోపల తెల్లకోటు. ప్రమీల బియ్యం గింజల్ని వెలుతురుకు పట్టి చూస్తోంది. బయట భుజాన తువ్వాలతో ఒకాయన కదలకుండా నిలబడి ఉన్నాడు.

"ఎవలు పిలగా నువ్వు?" తల తిప్పకుండానే అడిగాడు ప్రమీల తండ్రి బిక్షం.

"శ్యాంసుందర్ అండీ. కోదాడ."

"దస్తీ పిలగానివా? బిడ్డ అంత చెప్పింది. నువ్వు ఆపిన సీటు వద్దన్నదట గద. కోపం రాలేదా?"

"లేదండీ. గర్వంగా అనిపించింది."

బిక్షం అప్పుడు తిరిగి చూశాడు. మనిషిని, పొట్లాన్ని, మళ్లీ మనిషిని.

సాయంత్రం సూర్యాపేట బస్సు. సోమవారం ఆరో సెమిస్టర్ రిజిస్ట్రేషన్. ప్లాట్‌ఫాం మీద జనం విరగబడ్డారు. బస్సు ఆగీ ఆగకముందే బిక్షం ముందుకు దూకి, భుజం మీది తువ్వాలను కిటికీలోంచి లోపలికి విసిరాడు. ప్రమీల, శ్యాం తోసుకుంటూ ఎక్కి చూస్తే, ఒకటే తువ్వాల, రెండు సీట్ల మీదా పరుచుకుని ఉంది.

"ఇద్దరు కూసోండ్రి," అన్నాడు కిటికీ బయటినుంచి.

"నాయినా, మనిషి కూసుంటేనే సీటు గద..." ప్రమీల ముఖం ఎర్రబడింది.

"నాయిన ఏస్తే సీటే. కూసో."

ఆమె తువ్వాల మడిచి తండ్రికిచ్చింది. బస్సు కదిలింది. బైపాస్ దాటాక ప్రమీల అతనివైపు తిరిగింది.

"ఒకటి అడుగుత, నిజం చెప్పు. గంతమందిల ప్రతిసారి నేను కూసునే కుర్చీ మీదనే ఎందుకేసేటోనివి దస్తీ?"

"నువ్వు తీసి పారేస్తావని. పక్క కుర్చీలో కూర్చోమంటావని."

అండీ పోయింది. ఇద్దరూ గమనించారు.

ప్రమీల బ్యాగు తెరిచింది. ఉతికి, ఇస్త్రీ చేసిన దస్తీ పైనే ఉంది. శ్యాం చేయి చాపాడు. ఆమె జిప్పు మూసేసింది.

"సోమవారం జర లేటుగ రా," అంది కిటికీలోంచి చూస్తూ. "ఈసారి నేనేస్త."